సీసా వద్దన్న మాట

మా తేనె మిషను ముందుగా నా చీర కొంగును పట్టింది. పెద్దపల్లిలో మా ఇంటి వెనక రేకుల వసారా. మే నెల పొద్దుటి ఎండ ఇంకా ముదరలేదు. తేనెటీగల పెట్టెల్లోంచి తీసిన, తేనె నిండిన చట్రాలను డ్రమ్ము లోపలి పంజరంలో నిలబెట్టి, వంగి పిడి తిప్పుతున్నాను. పంజరం గిర్రున తిరిగితే చట్రాల్లోంచి తేనె చిమ్మి డ్రమ్ము గోడకు కొట్టుకుని కిందికి జారుతుంది. అంతే దాని విద్య. పిడి పక్కన రెండు పండ్ల చక్రాలు, అదే గేర్లు, ఏ మూతా లేకుండా తిరుగుతుంటాయి. కొంగు ఎప్పుడు జారిందో తెలియదు. చక్రాలు దాన్ని నమిలి లోపలికి గుంజాయి. నా మెడ వంగిపోయింది, గడ్డం డ్రమ్ము అంచుకు తగిలింది. పిడి వదిలేశాను కానీ పంజరం ఊపు మీద ఉంది కదా, ఆగదే!

కోడలు వంటింట్లోంచి ఉరికి వచ్చి, తిరుగుతున్న పంజరాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆపేసింది. అప్పటికి ఆమెకు ఆరో నెల.

"దెబ్బ తాకిందా అత్తమ్మా?" అన్నది.

"నీకేమన్న తెలివున్నదా? తిరిగేదాంట్ల చేతులు వెడ్తవా? వేళ్లు తెగితే ఎవరు జవాబు చెప్పాలె? కడుపుతోని ఉన్నదానివి, గట్ల ఉరుకుతవా?" అని నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

నన్ను కాపాడిన పిల్లకు నేను చెప్పిన కృతజ్ఞత అది. నాకు భయం వేస్తే కోపం వస్తుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను. చెవి మెలిపెట్టే టీచరమ్మ ఎవరంటే ఈ ఊళ్లో ఇప్పటికీ నా ఇల్లే చూపిస్తారు. సున్న ఉండాల్సిన చోట పిల్లవాడు సున్న పెట్టకపోతే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. "ఒక్క సున్న మింగితే అర్థమే మారుతుంది" అని చెప్పి మరీ మెలిపెట్టేదాన్ని. మా కోడలు కూడా ఏడో తరగతిలో నా చేత చెవి మెలిపెట్టించుకున్నదే. తర్వాత మా అబ్బాయి ఆమెను ఇష్టపడ్డాడు, పెళ్లయింది. పెళ్లయిన కొత్తలో 'అత్తమ్మా' అనబోయి 'టీచర్' అనేది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

మిషను మా బాపుది. ఖానాపూర్ అవతల అడవి అంచున ఆయనకు చేనుండేది. ఎప్పుడో పాతకాలంలో తేనెటీగల శిక్షణకు పోయి, పెట్టెలతో పాటు ఈ మిషనునూ తెచ్చుకున్నాడట. జస్తా, అదే జింకు, పూసిన ఇనుప రేకు డ్రమ్ము. రేకుకు రేకు కలిసిన చోట తెల్లగా మెరిసే అతుకు. బాపు పోయాక తమ్ముడు దాన్ని పాత సామానుకు వేస్తానంటే పోట్లాడి తెచ్చుకున్నాను. ఉద్యోగం అయిపోయాక ఊరి బయట మామిడితోటలో పది పెట్టెలు పెట్టుకుని, పొద్దుపోక మొదలుపెట్టిన పనిలో మునిగిపోయాను. నా తేనె తిన్నవాళ్లు మెచ్చుకుంటుంటే, పిల్లల పరీక్ష కాగితాలు దిద్దినప్పటి గొప్ప మళ్లీ వచ్చింది.

ఇక అసలు తప్పు దగ్గరికి వస్తాను. రెండేళ్ల కింద ఒక కళాయి సాబు మా వీధిలోకి వచ్చాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించుకునేవాళ్లే ఇప్పుడు లేరు. పాపం ముసలాయన, ఉత్త చేతులతో పోతాడేమోనని మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గుండి గిన్నె ఒకటి బయట పెట్టాను. ఆయన పని చేస్తూ చేస్తూ లేచి, అరుగు మీద ఆరబెట్టిన మిషను దగ్గరికి పోయి, లోపల వేలు పెట్టి రాసి చూశాడు. దాని పక్కనే తేనె నింపిన గాజు సీసాలు వరసగా ఉన్నాయి.

"అమ్మా, సీసా ఖరాబ్. తేనెకు సీసా తాకొద్దు," అన్నాడు.

"గట్లనా? మరి ఏంది మంచిది సాబూ?"

"స్టీల్. మొత్తం స్టీల్ జేస్కో. సీసా జహర్ అమ్మా."

జహర్ అంటే విషమని నాకు తెలుసు. సీసా విషం ఎట్లా అవుతుందని అడగాల్సింది. అడగలేదు. తెలియదని ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఆయన పోగానే సీసాలన్నీ వాకిట్లో పెట్టి, కావలసినవాళ్లు పట్టుకుపొమ్మన్నాను. తేనెనంతా స్టీలు డబ్బాల్లోకి మార్చాను. ఆ రోజు నుంచి ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఒకటే పాఠం: "తేనెను సీసల పొయ్యొద్దు. పెద్దమనిషి, అనుభవమున్నోడు చెప్పిండు." చెవిటివాడి ముందు శంఖం ఊదితే దాన్ని కొరకడానికి తంటాలు పడుతున్నావా అన్నాడట. నేను ఆ చెవిటివాడిలాంటి మనిషిని, పైగా నలుగురికి చెప్పేదాన్ని.

కోడలికి మూడో నెల పడగానే తేనె నీళ్లు మొదలుపెట్టాను. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు. బిడ్డ బలంగా పుడుతుందని. చాయ బంద్ చేయించాను, రక్తం తగ్గుతుందని. గ్లాసు నేనే కలిపి వంటింటి గట్టు మీద పెట్టేదాన్ని. ఆమె తీసుకుని, గాలికి అని వెనక గుమ్మంలోకి పోయి తాగి, కడిగి బోర్లించేది. ఒక్క రోజు కూడా వద్దనలేదు. మా అబ్బాయికి మంచిర్యాలలో రైల్వే పని, వారానికోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా, "నువ్వున్నవు గద అవ్వా, నాకేం ఫికర్," అనేవాడు. ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని.

కొంగు సంగతి జరిగిన మర్నాడు మిషనును ఆటోలో వేసుకుని స్టేషన్ రోడ్డులో వెల్డింగ్ పని చేసే అతని దగ్గరికి పోయాను. పండ్ల చక్రాలను కప్పే ఒక రేకు డొప్ప, డ్రమ్ముకు ఒక మూత. ఇంతే నేను అడిగింది. ఇంట్లోకి చిన్న బిడ్డ రాబోతున్నది, పాకే వయసులో పోయి చెయ్యి పెడితే ఎట్లా అని అప్పటికే భయం పట్టుకుంది. అతను డ్రమ్మును పక్కకు ఒరిగించి, ఫోను లైటు వేసి లోపల చూశాడు. స్క్రూడ్రైవరుతో అతుకు మీద గీశాడు. పెన్సిల్ గీతలా మెత్తగా గీత పడింది.

"మూత సంగతి తర్వాత టీచరమ్మా. గీ అతుకు చూసిండ్రా? ఇది టంకం. పాత టంకంల సీసముంటది. గోరుతోని గీకినా వస్తున్నది సూడుండ్రి. గిండ్ల తినేది పోస్తున్నరా?"

"ఏమున్నదన్నవు?"

"సీసం."

అప్పుడు కళాయి సాబు గొంతు నా చెవిలో వినపడింది. సీసా ఖరాబ్. ఓర్నాయనో! ఉర్దూలో సీసా అంటే సీసం. మనం సీసా అనే దాన్ని వాళ్లు శీషా అంటారు. ఆయన గాజు సీసాలను చూపించలేదు, మిషను అతుకును చూపించాడు. మొత్తం స్టీలు చేసుకోమన్నది డబ్బాను కాదు, మిషనును. ముప్పై ఏళ్లు సున్నల కోసం పిల్లల చెవులు పిండిన తెలుగు టీచరును నేను. సీసాకూ సీసానికీ మధ్య ఉన్న ఒక్క సున్న నాకు వినపడలేదు. నా నోట్ల మన్నువడ, అడిగితే ఏం పోయేది?

వెల్డింగ్ షాపులో బల్ల మీద కూలబడ్డాను. అతను మంచినీళ్లిచ్చి, "పరేషాన్ గాకుండ్రి, మీ బాపు గిండ్లదే తినలేదా?" అన్నాడు. నిజమే, బాపు ఎనభై దాటి బతికాడు. కానీ బాపు ఆ తేనె తినేనాటికి కడుపులో పిండం కాదు గదా. ఇంకొకటి గుర్తొచ్చింది. తేనె పైకి తీపే కానీ లోపల పులుపు, లోహాన్ని తింటుంది. నురుగు తేలిపోవాలని నేను ప్రతిసారీ తేనెను రెండు రోజులు డ్రమ్ములోనే ఉంచేదాన్ని. శుభ్రంగా ఉండాలని! డ్రమ్ము అడుగున అతుకు సగం అరిగి ఉంది. అరిగినదంతా ఎటు పోయింది? రెండు చెంచాల లెక్కన నేనే కలిపి తాగించాను.

ఇంటికి వచ్చేసరికి కోడలు చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను పలకరించకుండా లోపలికి పోయి, తేనె డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక దాచాను. చెప్పాలి. కానీ ఎట్లా చెప్పాలి? నీ కడుపులో బిడ్డకు మూడు నెలలు విషం పోశానని చెప్పాలా? మర్నాడు పొద్దున గ్లాసులో ఉత్త వేడినీళ్లు పెట్టాను. ఆమె గ్లాసు లోపలికి చూసింది.

"తేనె అయిపోయిందా అత్తమ్మా?"

"ఇచ్చింది తాగు. అన్నీ అడగాల్నా?"

ఆమె అక్కడే, నా ముందే నిలబడి గటగటా తాగేసింది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి, పొయ్యి వైపు తిరిగిపోయాను.

ఆ మధ్యాహ్నం నేను మల్లెతీగకు నీళ్లు పోస్తుంటే ఆమె నవ్వుకుంటూ వచ్చి, "అత్తమ్మా, తన్నుతున్నది. సూడుండ్రి, గిక్కడ," అని నా చెయ్యి పట్టి తన కడుపు మీద పెట్టబోయింది. నేను చెయ్యి వెనక్కి గుంజుకున్నాను. నిప్పు తగిలినట్టే గుంజుకున్నాను. ఆమె మొహం చిన్నబోయింది. ఇక ఆగలేక అక్కడే, నీళ్ల చెంబు పట్టుకునే, అంతా చెప్పేశాను. కళాయి సాబు, సీసా, సీసం, అతుకు, అన్నీ. చెప్తున్నంతసేపూ ఆమె మొహం తెల్లబడుతూ వచ్చింది. ఏదో అనబోయి పెదవులు తడుపుకుంది. భయంతో నోరు పడిపోయిందనుకున్నాను. ఏ తల్లికైనా పడిపోతుంది.

మర్నాడు బస్సెక్కి కరీంనగర్ పోయాం. ఆమెను చూసే డాక్టరమ్మ నేను చెప్పిందంతా విన్నది. నవ్వుతుందేమో, ఇంతదానికేనా అంటుందేమోనని ఆశపడ్డాను. ఆమె నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది.

"రోజూ ఎంత తాగుతున్నావమ్మా?" అని కోడలిని అడిగింది.

కోడలు నన్ను చూసింది. "రెండు చెంచాలు."

"ఒక్క రోజు కూడా మానలేదా?"

మళ్లీ నన్ను చూసింది. "లేదు మేడం."

"నేనే కలిపిచ్చిన," అన్నాను నేను, నేరం ఒప్పుకున్నట్టు.

తల్లి రక్తంలోకి పోయిన సీసం బిడ్డకూ పోతుందని, ఎక్కువైతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుందని డాక్టరమ్మ చెప్పింది. "ఎంత పోయిందో తెలియకుండా భయపడి లాభం లేదు. రిపోర్టు రానివ్వండి," అన్నది. రక్తం హైదరాబాద్ పంపాలట, నాలుగు రోజులు పడుతుందట. ఆ పిల్ల చేతిలోంచి రక్తం తీస్తుంటే నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. బయటికి వచ్చి మా అబ్బాయికి ఫోన్ చేశాను. వాడు అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. వెనక రైలు కూత వినపడింది. చివరికి "సరే అవ్వా," అని పెట్టేశాడు. 'నాకేం ఫికర్' అన్న మాట మాత్రం రాలేదు.

ఆ నాలుగు రోజులు నేను కూర్చోలేదు. కూర్చుంటే మెదడు అన్న మాట వినపడేది. మొదటి రోజు, తేనె ఇచ్చిన ఇళ్లన్నీ తిరిగి డబ్బాలు వెనక్కి తెచ్చాను. ఇచ్చిన వస్తువు తిరిగి అడగడం ఎంత సిగ్గో అడిగినవాళ్లకే తెలుస్తుంది. మూడో ఇంటి ముసలమ్మ డబ్బాను కొంగు కింద దాచుకుంది. "నా దగ్గు గీ తేనెతోనే తగ్గింది. నేనియ్య. నువ్వే ఇస్తివి, నువ్వే గుంజుకుంటవా?" అని నిలదీసింది. సీసం అంటే, "నువ్వే గద సీసలు వద్దంటివి, గిప్పుడు మళ్ల ఏం సీస?" అన్నది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతులు పట్టుకుని బతిమిలాడి, కొత్త తేనె తీశాక మొదటి డబ్బా ఆమెకే ఇస్తానని ఒట్టు పెట్టుకుని తెచ్చుకున్నాను.

తర్వాతి రెండు రోజులు మంచిర్యాల. అక్కడ హోటళ్లకు పెద్ద పెద్ద స్టీలు గిన్నెలు చేసే ఒక కార్ఖానా ఉంది. మిషనును మేస్త్రీ ముందు పెట్టి, దీన్ని పనికొచ్చేటట్టు చెయ్యమన్నాను. అతను చుట్టూ తిరిగి చూసి, డ్రమ్ము పనికిరాదు, పంజరం తీగలకూ టంకమే ఉంది, అదీ పనికిరాదన్నాడు. మిగిలింది పిడి, రెండు పండ్ల చక్రాలు. బాపు అరచెయ్యి రాసుకుని రాసుకుని నున్నబడిన చెక్క పిడి.

"తినే సామాన్లకు వాడే స్టీలే కావాలె. టంకం ఒక్క చుక్క వద్దు," అన్నాను.

"ఆర్గాన్ వెల్డింగ్ టీచరమ్మా. టంకం పేరే ఉండది."

నేను నమ్మలేదు. బడిలో వాడిన గుర్రపునాడా అయస్కాంతం సంచిలో తీసుకుపోయాను. అతను తెచ్చిన రేకుకు ఆనించి, మంచి స్టీలుకు అయస్కాంతం పట్టదు గనక, అంటుకోవడం లేదని చూసుకున్నాను. అప్పుడే నమ్మాను. వెల్డింగ్ అయ్యాక అతుకును గోరుతో గీకాను, స్క్రూడ్రైవరుతో గీకాను, నీళ్లు పోయించాను. మళ్లీ పోయించాను. చక్రాలను కిరసనాయిల్‌లో కడిగించి, తర్వాత సబ్బుతో, మరుగుతున్న నీళ్లతో కడిగించాను. గ్రీజు వద్దని తినే నూనె రాయించాను. ఆ నూనె చుక్క కూడా తేనెలో పడకుండా చక్రాల కింద ఒక పళ్లెం, పైన డొప్ప, డ్రమ్ముకు మూత, పిడి వదలగానే పంజరం ఆగేలా ఒక బ్రేకు. మేస్త్రీకి ఓపిక అయిపోయింది.

"టీచరమ్మా, మీరు మిషన్ చేపిస్తున్నరా, నాకు పరీక్ష పెడ్తున్నరా?" అన్నాడు.

"పరీక్షనే. తప్పితే చెవి మెలివెడ్త," అన్నాను. అతను నవ్వాడు కానీ నేను నవ్వలేకపోయాను.

పాత డ్రమ్ము ఎవరి చేతికైనా పోతే బియ్యమో నీళ్లో పోసుకుంటారని, నా ఎదుటే రెండు ముక్కలుగా కోయించాను. బాపు వస్తువు కోస్తుంటే ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. రిపోర్టు వచ్చిందేమోనని ఫోన్ చూసుకుంటున్నాను. సాయంత్రం బండిలో కొత్త మిషనుతో పెద్దపల్లి దిగాను. స్టేషన్లో కూలీ, "మస్తుగున్నదమ్మా, ఏం మిషన్?" అని అడిగితే మిషనును ఆటోలోకి ఎక్కించమని చెయ్యి చూపించాను.

నాలుగో రోజు పొద్దున తేనె డబ్బాలన్నీ వసారాలో పేర్చాను. పారబోయాలి. బయట పారబోస్తే తేనెటీగలు వాసన పట్టి వచ్చి, చుక్క మిగల్చకుండా మోసుకుపోయి మళ్లీ పెట్టెల్లో పెట్టుకుంటాయి. ఆ విషం మళ్లీ తిరిగి మనకే వస్తుంది. లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. గడ్డపార తీసుకుని పెరట్లో కల్యామాకు, అదే కరివేపాకు, చెట్టు పక్కన తవ్వడం మొదలుపెట్టాను. ఆ ఎండాకాలమంతా ఆ చెట్టు మొదట్లో ఒకటే చీమలు. పసుపు చల్లాను, బూడిద చల్లాను, తిట్టి కూడా చూశాను, పోలేదు. నాలుగు పోట్లు వేశానో లేదో, వెనక గుమ్మంలోంచి కోడలు గబగబా అన్నది:

"గక్కడ వద్దు అత్తమ్మా! గక్కడ పోస్తే ఊకె సీమలొస్తయి."

నేను గడ్డపార ఆపాను. "నీకెట్ల తెల్సు?"

ఆమె తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కాలి బొటనవేలితో గడప గీస్తోంది. నేను చీమల వైపు చూశాను, చెట్టు వైపు చూశాను, ఆమె రోజూ గ్లాసు పట్టుకుని నిలబడే గుమ్మం వైపు చూశాను. గుమ్మం నుంచి చెట్టుకు బారెడు దూరం కూడా లేదు.

"తప్పయింది టీచర్," అన్నది.

అత్తమ్మా అనలేదు. టీచర్ అన్నది.

"ఏం తప్పయింది? మొత్తం చెప్పు."

"నాకు తేనె వాసన పడ్తలేదు. మొదట నాలుగు రోజులు తాగిన. గవి గూడ వాంతయినయి. మీతోని చెప్తే తిడ్తరని... రోజు గా చెట్టుకు పోసిన."

నేను తవ్విన మట్టి మీదే చతికిలబడ్డాను. నాలుగు రోజులు! మూడు నెలలు కాదు, నాలుగు రోజులు, అవీ వాంతులు! చీమలను చూసి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. అబద్ధం చెప్పిన పిల్లను పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించడం నా సర్వీసులో అదే మొదటిసారి. నవ్వుతున్నాను, కొంగుతో మొహం తుడుచుకుంటున్నాను, మళ్లీ నవ్వుతున్నాను. ఆమె మాత్రం గడప దిగలేదు.

అప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. లేచి నిలబడ్డాను. "మరి డాక్టరమ్మ అడిగితే ఎందుకు చెప్పలే? ఒక్కరోజన్న మానినవా అని అడిగె గద! నాలుగు రోజుల సంది నేను ఊరూరు తిరుగుతున్న, తిండి లేదు, సస్తున్న... గిదంత సూసుకుంట ఎందుకు ఊకున్నవు?"

నా గొంతు లేచింది. లేస్తున్నదని నాకే వినపడింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది. రెండో చెయ్యి, ఆమెకు తెలియకుండానే, పోయి చెవిని కప్పుకుంది.

"మీరు పక్కన్నే ఉంటిరి," అన్నది.

ఆ చెయ్యి చూశాను. ఇరవై నాలుగేళ్ల మనిషి, మూడు నెలల్లో తల్లి కాబోయేది. బిడ్డకు విషం ఎక్కిందేమోనని డాక్టరు అడుగుతుంటే కూడా, నిజం చెప్పడానికి ఆమె నా మొహం చూసుకోవాల్సి వచ్చింది. సీసం గురించి ఆమె భయపడలేదు. తాగలేదని ఆమెకు తెలుసు గదా. ఈ నాలుగు రోజులు ఆమె తెల్లబోయింది, మాట రాలేదు, అన్నం సరిగ్గా తినలేదు. ఆ భయమంతా నేను. కళాయి సాబును నేను అడగలేకపోయినట్టే, ఈ పిల్ల నాకు చెప్పలేకపోయింది.

గడ్డపార చేతిలో ఉందని అప్పుడు గమనించి కింద పడేశాను. ఏదో మంచి మాట చెప్పాలనుకున్నాను. "ఎండల నిలబడకు బిడ్డా, లోపలికి పో," అన్నాను, మెల్లగా. ఆమె చెయ్యి చెవి మీది నుంచి దిగడానికి కొంచెం సేపు పట్టింది.

గొయ్యి పెరటి అవతలి మూలకు మార్చి, నడుము లోతు తీసి తేనెనంతా పూడ్చాను. ఆ తేనె తాగిన చెట్టు ఆకు కూరలోకి రావద్దని కల్యామాకు చెట్టును కూడా పీకి అదే గోతిలో వేశాను. సాయంత్రం రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. దాన్ని పంపితే డాక్టరమ్మ చూసి, సీసం ఉన్నది చాలా తక్కువ, భయం లేదు, నెల తర్వాత ఇంకోసారి చూద్దామన్నది. నేను మా అబ్బాయికి ఫోన్ చేసి రిపోర్టు చెప్పాను. కల్యామాకు చెట్టు సంగతి చెప్పలేదు. అది మా ఇద్దరి మధ్యే ఉండనీ అనుకున్నాను.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర నిలబడి, "ఏం తాగుతవు బిడ్డా?" అని అడిగాను.

బోర్డు దగ్గరికి పిలిచినప్పటి చూపు చూసింది. "మీరేదిస్తే గదే అత్తమ్మా."

"గట్ల గాదు. నీకేం తాగబుద్ధయితుంది?"

ఇది పరీక్షో కాదో తేల్చుకుంటున్నట్టుంది. "చాయ," అన్నది చివరికి. "అల్లమేసి."

అల్లం దంచి చాయ పెట్టాను. గ్లాసు గట్టు మీద పెట్టకుండా చేతికే ఇచ్చాను. ఆమె వెనక గుమ్మంలోకి పోలేదు. పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. రెండు గుక్కలు తాగి, గ్లాసులోకి చూసి, ఒకసారి నా మొహంలోకి చూసి, అన్నది:

"చక్కెర తక్కువయింది అత్తమ్మా."